చెప్పకుండా కదలని వీరుడు

పట్టకారుతో వంకర పన్నును పట్టుకుని, ఊపిరి బిగబట్టి, జిప్పులాయన దాన్ని సరిచేశాడు. మనిషి పన్ను కాదు, సూట్‌కేసు జిప్పు పన్ను. నాలుక పట్టుకుని లాగగానే జిప్పు రన్నరు ఈ చివర నుంచి ఆ చివరకు సాఫీగా పరుగెత్తింది. అలా పరుగెత్తినప్పుడల్లా ఆయన కింది పెదవి కాస్త ముందుకు వస్తుంది. అదే ఆయన నవ్వు.

బస్టాండు పక్కన ఆయన కొట్టు మంచానికి ఎక్కువ, గదికి తక్కువ. చక్రాలూడిన పెట్టెలూ, పిడి తెగిన సంచులూ, నోరు మూతపడని బ్యాగులూ కప్పుదాకా పేర్చి ఉంటాయి. ఆయన బాగుచేసిన పెట్టెలన్నీ వరుసగా నిలబెడితే చంద్రమండలం దాకా పోతాయనీ, అక్కడ ఒకదానికి చక్రం ఊడినా మళ్లీ ఈ కొట్టుకే దొర్లుకుంటూ వస్తుందనీ చుట్టుపక్కలవాళ్లు అంటారు. చంద్రుడి మాటేమో గానీ, ఆయన మాత్రం బస్టాండు దాటి ఎక్కడికీ పోయిన మనిషి కాదు.

ఆ రోజు మూలన ఆయన సొంత పెట్టె సర్ది ఉంది. లోకం జిప్పులన్నీ బాగుచేసినవాడి పెట్టెకు రన్నరే లేదు. ప్లాస్టిక్ తాడుతో కట్టాడు. మర్నాడు పొద్దున్నే గుండె ఆపరేషనుకు ఆసుపత్రిలో చేరాలి. ఎవరికీ చెప్పలేదు. ఈసారి మాత్రం చెప్పే వెళ్లాలని వారం నుంచీ అనుకుంటూనే ఉన్నాడు.

చెప్పి వెళ్లడం ఆయన వల్ల అయ్యే పని కాదు. పెళ్లి పందిట్లోంచైనా, సగం తిన్న భోజనం ముందునుంచైనా పిల్లిలా జారుకునేవాడు. భార్య ఆసుపత్రి మంచం మీదున్న రోజూ అంతే. ఆమెకు కునుకు పట్టగానే లేచి కొట్టుకొచ్చేశాడు. ఆమె కళ్లు తెరిచి, "నాతో చెప్పి వెళ్లారా మీ బావ?" అని తమ్ముణ్ణి అడిగింది. సాయంత్రానికి ఆమే వెళ్లిపోయింది. కరెంటు పనులు చేసుకునే ఆ తమ్ముడికి ఆ మాట ఇప్పటికీ గొంతులో ముల్లే.

మధ్యాహ్నం షట్టరు దించి, మందుల షాపు వెనక గదికి నడిచాడు. దారిలో రెండుచోట్ల గోడ పట్టుకుని ఆగాడు. వారానికోసారి అక్కడ నలుగురు చేరి ఒక ఆట ఆడతారు. మందుల షాపు అమ్మాయి కథ నడుపుతుంది. జిప్పులాయనా, బావమరిదీ, ఒక లారీ డ్రైవరూ తలా ఒక మనిషిని కల్పించుకుని, వాడేం చేస్తాడో చెప్పి పాచికలు వేస్తారు. కొండలూ నదులూ చెక్క మీద సుద్దతో గీసుకుంటారు. జిప్పులాయన వీరుడికి గుర్తు, సొంత పెట్టె నుంచి ఊడదీసిన ఇత్తడి రన్నరు.

మొదట్లో ఆ వీరుడు సింహాన్ని చెవి పట్టుకుని ఊరేగించేవాడు. సముద్రాన్ని పుక్కిలించి ఉమ్మేసేవాడు. కొన్నాళ్లకే అందరికీ ఆవలింతలు మొదలయ్యాయి.

"వీడికేం కాదని తెలిశాక మేమెందుకు కంగారుపడాలి బాబాయ్?" అంది ఒకరోజు అమ్మాయి. "ఏదో ఒక లోపం పెట్టు. ఎక్కడో ఒకచోట తట్టుకుని పడాలి మనిషన్నాక."

"నేను చెప్తా," అన్నాడు బావమరిది. "వెళ్లొస్తానని అందరికీ చెప్తే గానీ అడుగు కదపలేడు. మా బావ ఎగ్గొట్టినవన్నీ వీడి చేత చెప్పిద్దాం."

దెప్పిపొడుపే. అయినా జిప్పులాయన పెదవి ముందుకొచ్చింది. అప్పట్నుంచి వీరుడు రాక్షసి గుహలోంచి పారిపోతూ కూడా రాక్షసికీ, దాని పిల్లలకీ, గుహ గుమ్మానికీ చెప్పి మరీ బయల్దేరేవాడు. ఆ ఆలస్యానికి ఒకసారి చెప్పు, ఇంకోసారి చెవి పోగొట్టుకున్నాడు. సింహాల్ని ఊరేగించినవాణ్ణి ఎవరూ తలుచుకోలేదు. వీడెలా బతికి బయటపడతాడా అని మాత్రం వారమంతా బెంగపడేవారు.

ఇవాళ సుద్దవంతెన తగలబడుతోంది. డ్రైవరు మనిషి దాటేశాడు. బావమరిది మనిషీ దాటేశాడు. వీరుడు ఇవతల తన గాడిద దగ్గర ఆగిపోయాడు.

"ముందు దాటు బావా! గాడిదకేం చెప్తావ్?"

"ఇన్నాళ్లూ నా బరువు మోసింది రా. చెప్పకపోతే ఏమనుకుంటుంది?"

ఆయన గాడిదకు చాలాసేపు చెప్పాడు. మోసినందుకు చెప్పాడు. కసిరినా తిరిగి కసరనందుకు చెప్పాడు. తను వచ్చేదాకా తినకుండా కూర్చున్నందుకు చెప్పాడు. డ్రైవరు నవ్వుతున్నవాడల్లా ఎందుకో ఆగాడు. ఇంకా పాచిక వెయ్యనే లేదు, ముందు గదిలో ఎవరో మందుల కోసం కేకేశారు. "మిగతాది వచ్చే వారం," అంటూ అమ్మాయి లేచింది.

మామూలుగా ఆ సందులో ఆయన మాయమైపోవాలి. ఇవాళ గుమ్మంలో నిలబడ్డాడు.

"వెళ్లొస్తానమ్మా."

అమ్మాయి పకపకా నవ్వింది. "బాబాయ్‌కి వీరుడు పూనాడు, ఇంకా దిగలేదు!"

"వెళ్లొస్తా గురూ."

"రాక్షసిని అడిగానని చెప్పు," అన్నాడు డ్రైవరు.

ఆయన బావమరిది ఎదుటికొచ్చి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా అంచు పట్టుకున్నాడు.

"వెళ్లొస్తా రా."

"ఆట అయిపోయింది బావా," అన్నాడు బావమరిది తలెత్తకుండా, పాచికలు డబ్బాలో వేస్తూ. "గాడిదకు చెప్పావుగా, చాలు. పో, పో."

జిప్పులాయన తలూపాడు. పెదవి కాస్త ముందుకొచ్చింది. వెళ్లాడు.

మర్నాడు ఆసుపత్రివాళ్లు బావమరిదికి ఫోను చేశారు. ఆపరేషను బల్ల మీదే పోయాడట. తాడు కట్టిన పెట్టె చేతికిచ్చారు. ముడి విప్పబోయి, విప్పకుండానే మోసుకొచ్చాడు.

ఆట రోజున ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు.

"బాబాయ్ పాచిక ఇంకా వెయ్యలేదుగా," అంది అమ్మాయి. "దాటించేద్దామా?"

బావమరిది అడ్డంగా తలూపాడు. వంతెన అవతలి నుంచి తన మనిషిని తీసి, మంటల మీదుగా వెనక్కి నడిపించి, వీరుడి పక్కన నిలబెట్టాడు. వెళ్లిరా అనడానికి నోరు తెరిచాడు. అనలేక, పాచికల డబ్బాకు మూత పెట్టేశాడు.

సుద్దవంతెనకు ఇవతల, ఎవరైనా పట్టుకుని లాగుతారేమోనని నాలుక చాచుకుని, ఇత్తడి రన్నరు అలాగే ఉంది.