ఈ బద్దలో కాలు పెట్టినవాడు బతికాడా?

నేను ఒక ఇనుప బద్దను. తొడ ఎముక విరిగితే కాలికి కట్టేదాన్ని. పైన తోలు చుట్టిన కడియం, దాన్నుంచి పాదం దాటేదాకా రెండు కమ్మీలు, అంతే నా ఒళ్లు. ఇప్పుడొక వైద్య కళాశాలలో అద్దాల బీరువాలో ఉన్నాను. చూడవచ్చినవాళ్లు "యుద్ధాల పుణ్యమే కదండీ ఇవన్నీ!" అంటారు. అలా అన్నవాళ్లకేసి నేను కాస్త అనుమానంగానే చూస్తాను.

ఎందుకంటారా? మా వంశంలో మొదటి బద్ద పుట్టింది యుద్ధంలో కాదు. శాంతిగా ఉన్న రోజుల్లో ఓ వైద్యుడు చేసి పెడితే పట్టించుకున్న నాథుడు లేడు. తీరా మొదటి ప్రపంచ యుద్ధంలో కుర్రాళ్లు వరసపెట్టి చచ్చిపోతుంటే అప్పుడు గుర్తొచ్చాం. మనుషుల తెలివి ఎప్పుడు నిద్రలేస్తుందో చూశారా!

నేను రెండో ప్రపంచ యుద్ధంలో తయారయ్యాను. బర్మా సరిహద్దులో ఎందరి కాళ్లు మోశానో! యుద్ధం ముగిశాక పాత సామానుతో పారేస్తుంటే, అక్కడ పనిచేసిన డాక్టరు రామశేషుగారు నన్ను తెచ్చుకుని శ్రీకాకుళం వైపు ఓ చిన్న ఆసుపత్రిలో పెట్టారు.

ఓ రోజు కల్లు గీసే అసిరయ్యను మంచం మీద మోసుకొచ్చారు. తాటిచెట్టు మీంచి పడి తొడ విరిగింది. నన్ను చూడగానే భార్య దాలమ్మ అడ్డం నిలబడింది.

"ఈ ఇనప సట్రం ఎవుల్ది బాబూ? దీన్లో కాలెట్టినోడు బతికాడా?"

"యుద్ధంలో సిపాయిలకి కట్టిందమ్మా. కొందరు బతికారు," అన్నారు డాక్టరు. అబద్ధం చేతకాదు మహానుభావుడికి.

ఇంకేముంది! పోయినవాడి వస్తువు బతికున్నవాడి ఒంటికి తగలకూడదని వాళ్ల పట్టింపు. అయినా డాక్టరు నన్ను కట్టేశారు. పాదానికి కట్టిన తాడుతో నేను కాలిని బిగలాగి ఉంచితే, చచ్చిన సిపాయే తన మొగుణ్ణి లాక్కుపోతున్నాడనుకుంది దాలమ్మ. డాక్టరు అటు వెళ్లగానే ముడి విప్పేసింది. ఆవిడ వాలకం చూసి నాకు ముందే అనుమానం వచ్చింది గానీ, అరవడానికి నోరేదీ?

అసిరయ్య గావుకేక పెట్టాడు. విరిగిన ఎముక లోపల కండను చీలుస్తోంది. ముఖం పాలిపోయింది, ఒళ్లు చల్లబడుతోంది. నిజంగానే పోతాడని నాకు భయం వేసింది. డాక్టరు పరుగున వచ్చి, పాదం దాలమ్మ చేతికే ఇచ్చి లాగి పట్టుకోమన్నారు.

"వదిలావంటే మనిషి దక్కడు!"

ఆవిడ పళ్ల బిగువున పట్టుకుంది, ఆయన మళ్లీ కట్టారు. కాసేపటికి మూలుగు తగ్గింది.

"ఇలగ కడితే బతుకుతాడని మీకెలగ తెలిసినాది బాబూ?"

"కట్టకుండా మోసుకొచ్చిన సిపాయిలు దారిలోనే పోయారమ్మా. అలా తెలిసింది."

"ఆల్ల పేర్లేటి?"

"ఎవరూ రాసుకోలేదమ్మా," అంటూ డాక్టరు నా ముడి మరోసారి బిగించారు.

మరుసటి ఏడు అసిరయ్య మళ్లీ చెట్టెక్కాడు. మొదటి కల్లు దింపగానే పెద్దల పేరు చెప్పి కాస్త నేల మీద పొయ్యడం వాళ్ల ఆచారం. ఆ ముంత పట్టుకుని ఆలుమగలిద్దరూ ఆసుపత్రికే వచ్చారు. అసిరయ్య తండ్రి పేరు, తాత పేరు చెప్పి వాకిట్లో కొంచెం పోశాడు. దాలమ్మ ముంత లాక్కుని, మిగిలిందంతా ఒంపేసింది.

"అదెవులికే?"

"పేర్లు తెల్దు," అంది దాలమ్మ. "ఆల్లు దారిలో పోబట్టి నువ్వు నాకు దక్కినావు. సంబరపడాలో ఏడవాలో తెల్దు నాకు."

అని, అక్కడే కూలబడి ఏడ్చేసింది.