ఖాళీగా ఉన్న నెలలు

లువా భర్త ఖాయ్ చొక్కా ఇస్త్రీ చేస్తోంది. అతను అద్దంలో తల దువ్వుకుంటూ, "లాయరమ్మ అడిగితే ఆ పదకొండు నెలలూ ఖాళీగా ఉన్నానని చెప్పెయ్. ఏవేవో కథలు చెప్పావంటే ఇంకా చిక్కు" అన్నాడు.

ఖాళీగా! ఇస్త్రీ పెట్టె కాలరు మీదే ఆగిపోయింది. వియత్నాం నుంచి ఒకే ఏడు జపాన్‌కు చదువుకోవడానికి వచ్చినవాళ్ళు వాళ్ళిద్దరూ. హమామత్సు నగరంలో ఇద్దరికీ ఇంజనీర్లుగానే ఉద్యోగాలు దొరికాయి. పాప మియెన్ పుట్టినప్పుడు పసిపిల్లల్ని చూసే కేంద్రాల్లో ఎక్కడా చోటు లేదు. "ఎవరో ఒకరు మానెయ్యాలి. నీ జీతమే కదా తక్కువ" అన్నాడు ఖాయ్. తక్కువెందుకో ఇద్దరికీ తెలుసు. ఆమె కడుపుతో ఉన్న ఏడాది రావలసిన పై పదవి ఇంకొకరికి వెళ్ళింది. ఫోన్‌లో అత్తగారు ఓదార్చింది: "మగాడి జీతం అన్నం తల్లీ. నీది పక్కన నంజుకునే ఊరగాయ. అది లేకపోతే ముద్ద దిగదా?" ఆ ఖాళీ రోజుల్లో లువా ఒక చేత్తో పాలసీసా పట్టుకుని రెండో చేత్తో వంట చేసింది. పిల్ల ఏడిస్తే పక్కవాటావాళ్ళు గోడ తడతారని వీపున కట్టుకుని నది గట్టు మీద తిరిగింది. పిల్ల నిద్రపోగానే ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టి, పదకొండు నెలలకి మళ్ళీ ఉద్యోగం తెచ్చుకుంది. ఖాయ్ ఒక్కరోజు కూడా ఆఫీసు మానలేదు. అందుకే అతని కాగితాల్లో మచ్చ లేదు.

లాయరు నగాసే గారు నెరిసిన జుట్టున్న నెమ్మదైన మనిషి. తన ఆఫీసులో ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పరిచి చూశారు. "ఖాయ్ గారివి బాగున్నాయి. జపాన్‌లో శాశ్వత నివాసానికి ఇప్పుడే దరఖాస్తు వేయొచ్చు. లువా గారూ, మీకే ఇబ్బంది. ఉద్యోగం లేని నెలలు ఒకటి, ఆ నెలల్లో ప్రభుత్వానికి పెన్షన్ చందా ఆలస్యంగా కట్టడం ఇంకొకటి. రెండోదాన్నే ఇమ్మిగ్రేషన్ వాళ్ళు గట్టిగా పట్టుకుంటారు."

లువా భర్తవైపు చూసింది. ఆ పెన్షన్ చలానాలు 'నేను కడతాలే, నువ్వు పిల్లని చూసుకో' అని తీసుకున్నది అతనే. అతను బల్ల మీది టీ కప్పుని తిప్పుతూ కూర్చున్నాడు.

"అదేం పెద్ద విషయం కాదండీ" అన్నాడు చివరికి. "తన ఉద్యోగ వీసాని నా కింద డిపెండెంట్‌గా మార్చేయండి. ఎలాగూ ఏప్రిల్లో నాకు తొయామా ఊరికి బదిలీ. తను మానేస్తుంది కదా."

బదిలీ సంగతి లువా వినడం అదే మొదలు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"పోయిన నెల. చెబితే గొడవపెట్టుకుంటావని..."

నగాసే గారు కళ్ళజోడు తీశారు. "లువా గారూ, అలా మారితే మీరిక్కడ ఉండడం ఆయన భార్యగా ఉన్నంతకాలమే. పని కూడా వారానికి కొన్ని గంటలే. తెలిసే ఒప్పుకుంటున్నారా?"

"భార్యగా ఉండక ఏమవుతుందండీ!" ఖాయ్ నవ్వాడు. మిగతా ఇద్దరూ నవ్వలేదు.

ఒప్పుకుంటే ఇంటికి ప్రశాంతంగా వెళ్ళొచ్చు. వెళ్ళాక ఇక ప్రతిదానికీ ఇంతే. బదిలీ అయితే సామాన్లతో పాటు తనూ సర్దబడుతుంది.

"ఆయన దరఖాస్తు ఆయన పెట్టుకుంటారు. నా వీసా మార్చొద్దు" అంది లువా.

"మరి తొయామా?"

"నువ్వెళ్ళు. నేనూ మియెన్ ఇక్కడే ఉంటాం."

"ఒక్కదానివే పిల్లనీ ఉద్యోగాన్నీ చూసుకుంటావా? నీవల్ల కాదు."

"నాకేదీ కొత్త కాదు."

అతను కుర్చీ గట్టిగా వెనక్కి నెట్టి లేచాడు. "కార్లో ఉంటా. బుర్ర చల్లబడ్డాక రా" అని మెట్లు దిగిపోయాడు.

ఖాయ్ వెళ్ళాక, ఆఫీసున్న రోజు పిల్లకి జ్వరమొస్తే ఎవరిని పిలవాలో లువాకి తెలియదు. ఈ మాట విన్న అత్తగారు ఊరంతా ఏమని చెబుతుందో మాత్రం బాగా తెలుసు. నగాసే గారి వైపు తిరిగి అడిగింది:

"శాశ్వత నివాసానికి నా పేరు మీద నేనే వేసుకోవాలంటే ఎన్నాళ్ళు ఆగాలండీ?"

"కనీసం రెండేళ్ళు. ఒక్క నెల కూడా తప్పకుండా పెన్షన్ చందా కట్టుకుంటూ రావాలి. అప్పుడైనా కచ్చితంగా ఇస్తారని నేను చెప్పలేను."

కింద కారు హారన్ మోగింది. మళ్ళీ మోగింది. లువా కుర్చీని బల్ల దగ్గరికి లాక్కుంది.

"మొదటి నుంచీ చెప్పండి" అంది. "నేను రాసుకుంటాను."