నిద్ర పట్టనివ్వని లక్ష్మణఫలం

ఆయ్, ఇలా దగ్గరికి జరగండి. వెనకాల ఆ గుసగుసలాపండి. ఫోను జేబులో పెట్టెయ్యి బాబూ, నే చెప్పేది అందులో దొరకదు.

నేనొక లక్ష్మణఫలాన్నండి. ఒంటినిండా ముళ్ళు, లోపల దూదిలాంటి తెల్లగుజ్జు. సీతాఫలం మాకు దగ్గర చుట్టమే. మా పెద్దోళ్ళది సముద్రాల అవతల వానలు తెగ కురిసే దేశమంట. నన్ను కాసిన చెట్టు మాత్రం కడియం నర్సరీలోది. మొదట్లో మాకేదో ఇంగ్లీషు పేరుతో బోర్డు కట్టారు. కుక్క కూడా వాసన చూళ్ళేదు. పళ్ళమ్మే పాపాయమ్మ ఆ బోర్డు పీకేసి ‘లక్ష్మణఫలం’ అని రాయించింది. అంతే, మర్నాటినుంచి జనం చెప్పులిప్పి మరీ బేరమాడారు!

“ఇది తింటే నడుంనొప్పి, పంటినొప్పి, అత్తపోరు, అన్నీ పోతాయి తల్లీ!” అని పాపాయమ్మ అరుస్తుంటే నాకే సిగ్గేసింది. నిజం చెప్పనా? నాలో ఉన్నది సి విటమిను, పీచు, కాస్త పొటాషియం, తీపీ పులుపూ కలిసిన రుచి. పాలల్లో వేసి జ్యూసు కొట్టుకోండి, ఐస్‌క్రీము చేసుకోండి. గింజలు మాత్రం తీసి పారెయ్యండి, అవి ఒంటికి మంచివి కావు. అంతే. అయితే అంతేనంటే ఎవరు కొంటారండీ?

నన్ను అప్పలసూరి కొన్నాడు. వేమగిరిలో సెలూన్ ఆయనది. చెయ్యి మంచిదే. మధ్యాహ్నం అన్నం తిన్నాడంటే మాత్రం కత్తి పట్టుకునే కునుకు తీస్తాడు. మొన్న గవర్రాజుగారికి గడ్డం గీస్తూ జోగితే సగం మీసం ఎగిరిపోయింది. ఆయన మిగిలిన సగం దువ్వుకుంటూ, “ఒరేయ్, ఇంకొక్కసారి జోగావంటే వీధి చివర ఏసీ సెలూన్‌కి పోతా. నా వెనకాల వీధి వీధంతా వచ్చేస్తది!” అని చెప్పి వెళ్ళారు. అదే జరిగితే అప్పలసూరి కుర్చీలు అమ్ముకోవాల్సిందే.

అప్పుడాయన బుర్రకి తట్టింది. లక్ష్మణస్వామి అడవిలో పద్నాలుగేళ్ళు కన్నుమూయలేదు కదా! మరాయన పేరున్న పండు తింటే నిద్రెలా వస్తది?

రెండు కిలోల నన్ను చంకనెత్తుకుని సెలూన్ వెనకే ఉన్న ఇంటికొచ్చి, పెళ్ళాం నూకరత్నానికి సంగతంతా చెప్పాడు. ఆవిడ బియ్యం చెరగడం ఆపేసింది.

“మరి ఆయన నిద్రంతా ఊర్మిళమ్మే పోయింది కదయ్యా?”

“అయితే?”

“అయితే నీ నిద్రంతా నాకొచ్చేస్తది!”

“భయమేస్తే చెప్పవే, మానేస్తాను.”

“భయమా! పెళ్ళై పదకొండేళ్ళు. కోడికన్నా ముందు లేవని రోజు ఒక్కటి చూపించు. పద్నాలుగేళ్ళ నిద్రే! ముందు నోరు తెరు!”

గింజలు ఏరేసి, కుక్కి కుక్కి పెట్టింది. తను ఒక్క ముక్క నాకలేదు. ఆయన తిండి తగ్గితే తన నిద్ర తగ్గుద్దని. ఆనక సెలూన్ వెనక గదిలో చాప పరుచుకుంది.

గవర్రాజుగారు రానే వచ్చారు. “ఇహ పద్నాలుగేళ్ళు జోగనండి, కూర్చోండి!” అని అప్పలసూరి కుడిచెంప నున్నగా గీశాడు. ఎడంచెంపకి సబ్బు రాశాడు. రెండు కిలోలండీ! మీ పొట్టలో పడినా అంతే. పక్క కుర్చీలో కూలబడి గుర్రు పెట్టాడు. గవర్రాజుగారు “నూకరత్నం!” అని కేకేస్తే వెనక గదిలోంచి ఇంకో గుర్రు.

అప్పటికి నేను తొక్కా గింజలూ అయిపోయి, జుట్టు పోసే బుట్టలో ఉన్నాను. నా ముళ్ళకి ఎవరివో మీసాలు అతుక్కున్నాయి. అయినా ఏడవలేదండి. పదకొండేళ్ళకి ఓ ఆడమనిషి పట్టపగలు పడుకుంది. ఏ విటమినుకి చేతనవుద్దండీ ఆ పని?

గవర్రాజుగారు సగం నురగతో వీధిలోకొచ్చి, “పోతున్నా! ఏసీ సెలూన్‌కే పోతున్నా!” అని గంతులేశారు. జనం మూగారు. పక్కన పంక్చర్లేసే పోలయ్య లోపలికెళ్ళి ఆ గుర్రు విన్నాడు, ఈ గుర్రు విన్నాడు, నా తొక్క తీసి వాసన చూశాడు. డాక్టరుగారిలా బయటికొచ్చాడు.

“అప్పలసూరి తప్పేం లేదండి. ఆడకాయో మగకాయో చూడకుండా కొనేశాడు. ఇది ఊర్మిళఫలం. నే కడియం వెళ్ళి మగకాయ పట్టుకొస్తాను, అందాకా మీరు సబ్బు ఆరనివ్వకండి!”