పిండికి ప్రాణం

మర పట్టిస్తే పిండికి ప్రాణం పోతుందని అత్త ఆబ్రెహెత్ నమ్మకం. అందుకని లెతెబ్రహాన్ పెళ్ళయిన నాటినుంచీ తన ప్రాణం పోసి టెఫ్ గింజలు రాతిమీద నూరుతోంది. కరెంటు మర నాలుగిళ్ళ అవతలే ఉంది. అయినా ఇంజెరా రొట్టె మెత్తగా రావాలంటే ముందు కోడలు మెత్తబడాలి కదా! పెద్దలు నూరేళ్ళు బతకమని దీవించినప్పుడల్లా ఆమెకు ‘నూరే ఏళ్ళు’ అనే వినిపించేది. పిండి కోసం మనిషిని పిండుతున్నామని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు.

భర్త హద్దుష్ బడిలో చరిత్ర పంతులు. ఆ ఆదివారం తోటి పంతుళ్ళను టౌనులో ఆదిమానవుల మ్యూజియానికి తీసుకెళ్తూ, తిండిమూట మోయడానికి పెళ్ళాన్ని, ఆమె వెంట కూతురు త్సెగాను రమ్మన్నాడు.

గాజుపెట్టెలో ఓ ఆడమనిషి అస్థిపంజరం. పక్కన సగం విరిగిన నూరుడురాయి.

“బతికినంతకాలం వంగి గింజలు నూరింది. వెన్ను ఎలా అరిగిందో చూడండి. ముప్ఫై నిండకుండానే పోయింది,” అన్నాడు గైడు.

“మా ఇంటిది ముప్ఫై దాటింది. గట్టి సరుకు!” అన్నాడు హద్దుష్. పంతుళ్ళు పగలబడి నవ్వారు. “ఏమే, ఆ పెట్టె పక్కన నిలబడు. పక్కకి తిరుగు. వంగవే, రాయి దగ్గర వంగినట్టు! చూశారా? ఏమన్నా తేడా ఉందా? దానికి తిండిఖర్చు లేదు, అంతే!”

వంగింది. వంగకపోతే సాయంత్రానికల్లా ఆ కబురు అత్త చెవిన పడుతుంది. “నలుగురిలో మొగుడి పరువు తీశావటగా?” అన్న మాటతోనే రాత్రి కూడు వడ్డించుకోవాలి. ఫోన్లు ఫొటోలు తీస్తున్నాయి. వీళ్ళు నవ్వుతున్నది లోపలిదాన్ని చూసా, బయటిదాన్ని చూసా? లోపలిదే నయం. దాన్నిక ఎవరూ వంగమనరు.

ఉన్నట్టుండి నవ్వు రెట్టింపైంది. తల తిప్పి చూస్తే, పెట్టెకు అవతల త్సెగా అచ్చం తనలాగే వంగి, రెండు చేతులూ ముందుకీ వెనక్కీ ఆడిస్తోంది.

“వారసురాలు!” చప్పట్లు కొట్టాడు హద్దుష్. “వచ్చేవారం నుంచి దీన్నీ రాయి దగ్గర పెట్టమంది మా అమ్మ. అప్పుడే చెయ్యి తిరిగిపోయింది చూడండి!”

లెతెబ్రహాన్ నిటారుగా లేచింది. వెళ్ళి, కూతుర్ని భుజాలు పట్టి నిలబెట్టింది.

“తమ్ముడూ, మీ రాయి విరిగిపోయిందేం?” అంది గైడుతో.

“దొరకడమే అలా దొరికింది అక్కా. చూపించడానికి పూర్తిరాయి ఎవరైనా ఇస్తే బాగుండును.”

“మా ఇంట్లో ఉంది. రేపు బండి పంపు.”

“ఏయ్, మతిపోయిందా? అమ్మకేం చెప్తావ్?” అన్నాడు హద్దుష్. ఇప్పుడెవరూ నవ్వడం లేదు.

“రాయి నాది. నా పుట్టింటివాళ్ళిచ్చింది,” అంది, గైడు వైపే చూస్తూ.

గైడుకు కాస్త అనుమానం వచ్చింది. “పాతదేనా అక్కా? చివరిసారి ఎప్పుడు వాడారు?”

“ఇవాళ పొద్దున,” అంది లెతెబ్రహాన్. “అదే చివరిసారి.”