పదివేల అడుగులు

మూడో అంతస్తు మెట్ల మీద మాబున్ని కూలబడింది. పక్కన నీళ్ళ బకెట్టు, తడిగుడ్డ. గుండె దడదడలాడుతోంది. మణికట్టుకున్న నల్లటి బ్యాండు చూసుకుంది. ఆరువేల అడుగులే అయ్యాయి. ఇంకా నాలుగువేలు కావాలి.

ఆ బ్యాండు ఆమెది కాదు, యజమానురాలు లక్ష్మీకాంతమ్మది. ఆవిడ భర్త నారాయణకు ప్రొద్దుటూరులో బట్టలకొట్టు. రోజుకు పదివేల అడుగులు నడిస్తే ఇన్సూరెన్సు కంపెనీ పాయింట్లిస్తుంది. ఆవిడకేమో నడవాలంటే బద్ధకం. అందుకే మాబున్ని పనిలోకి రాగానే ఆమె చేతికి కట్టేది. పాయింట్లతో మిక్సీ వచ్చింది, పరుపు వచ్చింది. మాబున్నికి మాత్రం అదే మూడువేల జీతం. ఆమె తాగే గ్లాసు ఇప్పటికీ కిటికీ బయట గూట్లోనే ఉంటుంది. అడుగులకు మాత్రం అంటు లేదు.

వారం కిందట ఆ బ్యాండు నుంచి లక్ష్మీకాంతమ్మ ఫోనుకు మెసేజీ వచ్చింది: గుండె లయ తప్పుతోంది, వెంటనే డాక్టరును కలవండి. ఇంటిల్లిపాదీ హడలిపోయారు. ఆవిడ కోసం మాబున్ని దర్గాలో ఊదు వేసి మొక్కుకుంది కూడా.

"మే మాబున్నీ, కిందికి రా!"

లక్ష్మీకాంతమ్మ కడప ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చింది. మాబున్ని చేతిలో లడ్డు పడేసింది.

"అన్ని టెస్టులూ చేసినారు. ఏమీ లేదంట! నా గుండె గుండ్రాయి మాదిరుందంట."

మాబున్ని నిజంగానే సంతోషించింది. లడ్డు నోటిదాకా తీసుకుపోయి ఆగింది.

"అమ్మా, ఆ బ్యాండు నా చేతికే ఉండె గదా?"

లక్ష్మీకాంతమ్మ భర్త వైపు చూసింది. ఆయన ఫోనులోంచి తల ఎత్తలేదు.

"ఈ మాట యాడా అనొద్దు. కంపెనీకి తెలిస్తే పాలసీ పీకేస్తారు," అన్నాడు.

"నాకేమైందప్పా మరి? మెట్లెక్కితే శానా ఆయాసమొస్తాంది."

"సర్కారాసుపత్రిలో చూపిచ్చుకో, పోమ్మే," అంది లక్ష్మీకాంతమ్మ. తర్వాత గొంతు తగ్గించింది. "రేపట్నించి నీ కూతురు కౌసర్‌ను పంపీ. వయసు పిల్ల. దాని గుండె బాగుంటాది."

మాబున్నికి ఏడుపు తన్నుకొచ్చింది. వారం రోజులు ఇంతమంది పరుగెత్తింది తన గుండె కోసమే. అది తనదని తెలిశాక ఒక్కరూ కదల్లేదు.

లడ్డు కిటికీ మీద పెట్టింది. బ్యాండు విప్పి, గూట్లోని తన గ్లాసులో వేసింది.

"కౌసర్ రాదమ్మా. మీది మీరే తీసుకోండి."

లక్ష్మీకాంతమ్మ చెయ్యి గూటిదాకా వచ్చి ఆగిపోయింది. గ్లాసులో బ్యాండు పచ్చదీపం వెలిగి ఆరుతోంది. మాబున్ని గోడ పట్టుకుని వాకిలి మెట్లు ఒక్కొక్కటే దిగుతోంది.