సుర్సీ పడింది

కర్రపెండలం పిండి అమ్ముకునే ఆడదానికి ఎన్నికలెందుకని హుఎఫాను దెప్పనివాళ్ళు అజోకామె సంతలో లేరు. సంత కప్పు కారినా, మురుగు పొంగినా అడిగే నాథుడు లేడని పురపాలక ఎన్నికల్లో నిలబడింది పాపం. వారం వారం పొరుగు సంతలు తిరుగుతుంది కాబట్టి ఈ ఊరి మనిషే కాదని అధికారులు ఆమె పేరు కొట్టేశారు. ఇక్కడే పుట్టి, ఇక్కడే ముగ్గుర్ని కన్న మనిషిని! దేశంలో కోర్టులూ పట్టించుకోలేదు. లాయరు అగ్బోసు ఊరుకోక, అరూషాలో ఉన్న ఆఫ్రికా మానవ హక్కుల కోర్టు తలుపు తట్టాడు. అక్కడ తీర్పుకు ఏళ్ళు పట్టొచ్చు. బ్యాలెట్ల అచ్చు మాత్రం సోమవారమే. తన బొమ్మ లేకుండా అచ్చయిపోయాక కేసు గెలిచి ఏం లాభం? ఆ దిగులుతో హుఎఫాకు ముద్ద దిగడం లేదు.

శుక్రవారం మధ్యాహ్నం, అద్దె మోటారుసైకిలు నడిపే మరిది పోసు దుమ్ము రేపుకుంటూ వచ్చాడు.

"వదినా! రేడియోలో చెప్పారు. అరూషా కోర్టు సుర్సీ వేసిందంట!"

అందరూ కొయ్యబారిపోయారు. సుర్సీ అంటే తెలియనిదెవరికి? నిరుడు మిరపకాయల బ్లాందీన్ కొడుకు పోలీసుతో కలబడితే అదే పడింది. జైలుశిక్షే, కాకపోతే నెత్తిన వేలాడుతుంది. మళ్ళీ తప్పు చేస్తే లోపలికే.

హుఎఫా పిండి బస్తా మీద కూలబడింది. "న్యాయం అడగబోతే నాకే శిక్షా!"

"మావాడికి ఆరు నెలలు. దీనికెన్నిరా?" అంది బ్లాందీన్.

"చెప్పలేదక్కా. పెద్ద కోర్టు కదా, పెద్దదే అయ్యుంటుంది."

"నీ నోరు పడిపోను! చివరిదాకా విని రావద్దూ?"

"మధ్యలో బేరం తగిలింది మరి."

హుఎఫా లాయరుకు ఫోను కలిపింది. "లాయరుగారూ, నా పిల్లల్ని ఎవరికి అప్పగించను?"

"ఎందుకమ్మా, ఎక్కడికెళ్తున్నావు?"

"జైలుకి! సుర్సీ పడిందటగా?"

అవతల ఆయన పొలమారేదాకా నవ్వాడు. "ఓసి పిచ్చి తల్లీ! సుర్సీ అంటే ఆపి ఉంచడం. నిరుడు మీ బ్లాందీన్ కొడుక్కి జైలు ఆపారు. ఇప్పుడు నీ పేరు కొట్టేసిన ఉత్తర్వును ఆపారు. తగువు తేలేదాకా నీ పేరు ఉండాల్సిందే."

"అధికారులు వింటారా?"

"ఆ భయంతోనే అచ్చాఫీసుకొచ్చి కూర్చున్నా. ఒప్పుకున్నారు. నమూనా బ్యాలెట్ నా చేతిలోనే ఉంది. నీ బొమ్మ కాస్త నల్లగా పడింది గానీ, ఉంది."

హుఎఫాకు గుండెల మీంచి కొండ దిగినట్టయింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పోసు వీపు మీద రెండు వేసి, సంతోషం పట్టలేక మళ్ళీ వాణ్నే కావలించుకుంది.

"ఎక్కువ సంబరపడకు," అన్నాడు లాయరు. "ఇది గెలుపు కాదు. రేపు ఓట్లలో ఓడిపోవచ్చు."

ఆ మాట బ్లాందీన్ చెవిన పడింది. "ఇప్పుడే చెప్తున్నా, నేను మాత్రం నీకు వెయ్యను. నీ పిండిలో రాళ్ళుంటాయి."

"వెయ్యకక్కా, వెయ్యొద్దు," అంది హుఎఫా కళ్ళు తుడుచుకుంటూ. "నాకు వెయ్యకుండా ఉండాలన్నా, ముందు నేను ఆ కాగితం మీద ఉండాలి కదా. ఉన్నాను!"