టెస్టెడ్ అని రాయను

లిఫ్టు పనిలో నాకు సాటి ఎవరూ లేరని నేనే చెప్పుకుంటాను. ఇంకెవరో చెప్పేదాకా ఆగే ఓపిక నాకు లేదు. నోటి దురుసు కూడా ఎక్కువేనని అక్క అంటుంది. కంపెనీ బావది. అందులో ఉన్న ఒకే ఒక్క మెకానిక్కుని నేను కాబట్టి ఆయన నన్ను భరించక తప్పదు.

ఆ ఉదయం నాలుగంతస్తుల క్లినిక్‌లో, కొత్త తాళ్లు వేసిన లిఫ్టుకి సర్టిఫికెట్ ఇవ్వాలి. పదింటికి క్లినిక్ తెరుస్తారు. పరీక్షకు ఇనుప దిమ్మలు తెచ్చే లారీ దారిలో చెడిపోయింది. బావ ఫారం తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఇక్కడ టెస్టెడ్ అని రాసి సంతకం పెట్టు."

"ఇన్‌స్పెక్టెడ్ అని రాస్తాను. చేసింది అదే."

"రెండూ ఒకటే కదమ్మా. చూశాం అనేగా."

ఒళ్లు మండింది. "ఒకటెలా అవుతాయి బావా? చెక్ చేయడమంటే లిస్టు పట్టుకుని టిక్కులు పెట్టడం. ఇన్‌స్పెక్ట్ అంటే టార్చిలైటు వేసి తాడు పోగుపోగూ చూడటం. టెస్ట్ అంటే బరువెక్కించి, దిగుతుండగా కరెంటు తీసేసి, ఆగుతుందో లేదో తేల్చుకోవడం. అద్దె ఇల్లు బయట నుంచి చూడటానికీ, వానాకాలం అందులో కాపురం చేయడానికీ ఉన్నంత తేడా."

క్లినిక్ యజమాని డాక్టరమ్మ వాచీ చూసుకుంటోంది. బావ గొంతు తగ్గించాడు. "ఈవిడకి ఇంకా మూడు భవనాలున్నాయి. ఈ కాంట్రాక్టు పోతే కంపెనీ మూసుకోవాలి. మీ అక్క సంగతి ఆలోచించు."

అక్క పేరెత్తేసరికి భయమేసిన మాట నిజం. అయినా చెయ్యి కదల్లేదు. పక్క స్థలంలో గోడ కడుతున్న మేస్త్రీని అడిగి పద్నాలుగు సిమెంటు బస్తాలు తెప్పించాను. "అరగంట ఆగాలి," అని డాక్టరమ్మతో చెప్పాను. అడగలేదు, చెప్పాను.

బస్తాలు నింపిన లిఫ్టుని నాలుగో అంతస్తు నుంచి దించి, సగం దారిలో కరెంటు తీసేశాను. బ్రేకు పట్టుకున్నట్టే పట్టుకుని జారిపోయింది. రెండో అంతస్తు తలుపు మధ్యకొచ్చి గాని లిఫ్టు ఆగలేదు. విప్పి చూస్తే బ్రేకు పట్టీ లోపలి వైపంతా నూనె. ఏ టార్చిలైటుకీ అది కనిపించేది కాదు.

డాక్టరమ్మ వెంటనే లిఫ్టుకి తాళం వేయించింది. "మా మిగతా భవనాల్లోవి కూడా ఈ అమ్మాయే టెస్ట్ చేయాలి," అంది బావతో.

నేను గెలిచినదానిలా బావ వైపు తిరిగాను. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"కిందటి నెల నువ్వు జ్వరంతో పడుకున్నప్పుడు," అన్నాడు నీళ్లు నములుతూ, "మన పాప కాలేజీ లిఫ్టుకి నేనే వెళ్లాను. టెస్టెడ్ అని రాసొచ్చాను. చూశానంతే."

అక్క కూతురి క్లాసు ఐదో అంతస్తులో. ఆయన్ని తిట్టడానికి నోరు తెరిచాను గాని, అప్పటికే ఆయన కాలేజీకి ఫోన్ కలిపాడు.

"మీ లిఫ్టు ఇప్పుడే ఆపేయండి," అన్నాడు, డాక్టరమ్మ వింటుండగానే. "నేనిచ్చిన సర్టిఫికెట్ అబద్ధం. మా మెకానిక్కుని తీసుకొస్తున్నాను."

ఇన్నేళ్లలో మొదటిసారి ఆయన మీద నాకు గౌరవం కలిగింది.